చివరి ప్రతి ఎవరి బాధ్యత?
విద్యాసంస్థల గ్రంథాలయాలలో పత్రికల భద్రత: ఒక చారిత్రక పరిశీలన

మన గ్రంథాలయాలలో పుస్తకానికి ఉన్న గౌరవం పత్రికకు లేదు. పుస్తకం రాగానే దానికి నంబరు పడుతుంది, అట్ట వేస్తారు, బీరువాలో చోటు దొరుకుతుంది. పత్రిక మాత్రం చదివే బల్ల మీద ఒక నెల ఉండి, తరువాతి సంచిక రాగానే కట్టలోకి, కట్టలో నుండి అటక మీదికి, అటక మీద నుండి తూకానికి వెళ్తుంది. దీనిని ఎవరూ కూర్చుని ఆలోచించి నిర్ణయించలేదు. పత్రిక అంటే ఈ నెలకు సంబంధించినది, వచ్చే నెలకు పాతబడేది అనే అభిప్రాయం మనలో ఉంది, అంతే. కాని సంఘ చరిత్ర మీద పరిశోధన వ్యాసం రాయడానికి కూర్చున్న విద్యార్థికి ఆ పాతబడినదే కావాలి. ఏ ఊరిలో సంఘం ఎప్పుడు ఏర్పడింది, మొదటి ఉపదేశకుడు ఎవరు, ఏ కరవులో ఎవరు ఎవరికి అన్నం పెట్టారు అనే సంగతులు ముందుగా పత్రికలలోనే అచ్చయ్యాయి. వాటిలో చాలా సంగతులు ఆ తరువాత ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.

అచ్చు పత్రికలను విద్యాసంస్థల గ్రంథాలయాలు ఏ విధంగా నిలవ చేస్తూ వచ్చాయో, ఎక్కడ పోగొట్టుకున్నాయో ఈ వ్యాసంలో పరిశీలిస్తాము. ఈ చర్చ ఎక్కువగా అమెరికా, బ్రిటన్ దేశాలలో జరిగింది కనుక కథలో పెద్ద భాగం అక్కడే నడుస్తుంది. అయితే దానిని మేము చదివినది ఒక్క ప్రశ్న కోసం. వెయ్యి ప్రతులు అచ్చయిన పత్రికలో కాలం గడిచాక మిగిలే చివరి ప్రతిని కాపాడవలసినది ఎవరు?

అచ్చయినది తాళపత్రంగా మారడం

1812 మార్చి 11వ తేదీ సాయంకాలం సేరంపూరు ముద్రణాలయం అగ్నికి ఆహుతి అయిన సంగతి మన విద్యార్థులందరికీ తెలిసినదే. కాగితం, అచ్చు అక్షరాలు పోయాయి. వాటిని మళ్ళీ సమకూర్చుకోగలిగారు. అసలు దుఃఖం కేరీ గారి వ్రాతప్రతుల విషయంలో కలిగింది, ఎందుకంటే వాటికి రెండవ ప్రతి లేదు. అప్పటికే అచ్చయి ఊరూరా చేరిన పుస్తకాలకు ఆ మంటలు ఏ హానీ చేయలేకపోయాయి. ముద్రణ మానవులకు ఇచ్చిన పెద్ద భద్రత ఇదే: ఒకచోట కాలినా మరొకచోట ఉంటుంది.

పత్రికల విషయంలో ఈ భద్రత నిలవలేదు. పత్రికను వెయ్యిమంది తెప్పించుకుంటారు, వెయ్యిమందీ పారేస్తారు. ప్రతి గ్రంథాలయమూ పక్క గ్రంథాలయంలో ఉంటుందిలే అనుకుంటుంది. యాభై ఏళ్ళు గడిచేసరికి ఆ పత్రిక మళ్ళీ తాళపత్రం స్థితికి వస్తుంది. ఎక్కడో ఒక ప్రతి, దానికీ నాలుగు సంచికలు తక్కువ. తాళపత్రానికి కనీసం అది అరుదైనదన్న గౌరవమైనా దక్కింది. ఇంటివారు ఏటేటా దించి, నూనె రాసి, గుడ్డలో చుట్టి దాచుకున్నారు. పత్రికకు అదీ లేదు.

పరిశోధన పత్రికల చరిత్ర 1665తో మొదలవుతుంది. ఆ ఏడు జనవరిలో పారిస్ నుండి జూర్నల్ దె సావాన్, మార్చిలో లండన్ నుండి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ సంపాదకత్వంలో ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ వెలువడ్డాయి. వాటి తొలి సంచికలను నేటికీ పుట తిప్పి చదువుకోవచ్చు. అప్పటి కాగితాన్ని పాత నారబట్టల పేలికలను నానబెట్టి, దంచి చేసేవారు. ఆ కాగితానికి మూడు వందల ఏళ్ళు పెద్ద లెక్క కాదు.

పందొమ్మిదో శతాబ్దంలో పరిస్థితి మారింది. సిరా పాకకుండా ఉండటానికి కాగితపు గుజ్జులో పటికను, పైన్ చెట్టు బంకను కలిపే పద్ధతిని జర్మనీలో మోరిట్జ్ ఇల్లిగ్ 1807లో ప్రకటించాడు. మనము బురదనీటిని తేర్చడానికి వాడే పటికే అది. 1844 ప్రాంతంలో అదే దేశస్థుడు ఫ్రీడ్రిక్ కెల్లర్ కర్రను అరగదీసి కాగితం చేసే మార్గం కనిపెట్టాడు. దీనితో కాగితం చౌక అయింది, పత్రికలు ఇబ్బడిముబ్బడిగా పెరిగాయి. మిషను పత్రికలు, సండేస్కూలు పత్రికలు, స్త్రీల సమాజాల పత్రికలు పుట్టుకొచ్చినది ఈ చౌక కాగితం మీదే. కాని పటిక వల్ల కాగితంలో ఆమ్లం పుడుతుంది. కర్రలోని లిగ్నిన్ వెలుతురు తగిలి పసుపు రంగుకు తిరుగుతుంది. ఆమ్లం లోలోపల నారను తెంపివేస్తుంది. బయటి నుండి నిప్పూ నీరూ రాకపోయినా, బీరువాలో భద్రంగా పెట్టిన కాగితం కూడా తనంతట తానే నెమ్మదిగా కాలిపోతున్నట్లు లెక్క. వేడి పది డిగ్రీలు పెరిగితే ఇటువంటి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపు అవుతుందని ఒక మోటు లెక్క ఉంది. మే నెలలో రేకుల కప్పు కింద ఉన్న పత్రికల కట్ట సంగతి పాఠకులే ఊహించుకోవచ్చు.

దీనిని మొదట లెక్కగట్టి చూపినవాడు అమెరికాలోని రిచ్‌మండ్ నగరానికి చెందిన విలియం బారో. 1900 నుండి 1949 వరకు అచ్చయిన 500 పుస్తకాల కాగితాన్ని మడిచి, చించి పరీక్షించి ఆయన 1959లో నివేదిక ప్రకటించాడు. వాటిలో అత్యధిక భాగం రాబోయే 50 ఏళ్ళు నిలవవని ఆయన తేల్చాడు. బారో లెక్కలు అతిశయోక్తి అని తరువాత కొందరు వాదించారు. కొంతవరకు అది నిజమే; ఆయన చచ్చిపోతాయన్న పుస్తకాలు చాలా ఇంకా బతికే ఉన్నాయి. కాని ఆ నివేదిక గ్రంథపాలకులలో పుట్టించిన భయం మాత్రం పనిచేసింది.

ఫిల్ము ఇచ్చిన ధైర్యం

భయం అప్పటికే మరొక వైపు నుండి కూడా ఉంది. మెథడిస్టులు స్థాపించిన వెస్లియన్ విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు ఫ్రీమాంట్ రైడర్ 1944లో ఒక లెక్క వేశాడు. పరిశోధన గ్రంథాలయాలు పదహారేళ్ళకు ఒకసారి రెట్టింపు అవుతున్నాయనీ, ఇలాగే సాగితే 2040 నాటికి యేల్ విశ్వవిద్యాలయంలో 20 కోట్ల సంపుటాలు, వాటికి 6,000 మైళ్ళ పొడవు బీరువాలు ఉంటాయనీ అన్నాడు. పుస్తకాలు అలా పెరగలేదు కాని, స్థలం చాలదనే మాట గ్రంథాలయ కమిటీలకు అలవాటయింది. కాగితం విరిగిపోతున్నదనే మాట, చోటు లేదనే మాట ఒకేసారి వినబడేసరికి రెండింటికీ ఒకే మందు దొరికింది. అది మైక్రోఫిల్ము.

వేదాంత గ్రంథాలయాల పాత్ర ఇక్కడ గౌరవించదగినది. అమెరికా వేదాంత గ్రంథాలయ సంఘం 1947లో లూయివిల్ నగరంలో ఏర్పడింది. ఆ సంఘం ముందుగా మత పత్రికలలోని వ్యాసాలకు సూచిక తయారుచేసింది. 1949 నుండి వచ్చిన సంచికలు అందులో చేరాయి. 1957లో ఫిల్ము పనికి ఒక మండలిని నియమించారు. యేల్ డివినిటీ స్కూల్ గ్రంథపాలకుడు రేమండ్ మోరిస్ దానికి నాయకుడు. ఒక పత్రికను మొదటి సంచిక నుండి చివరి సంచిక దాకా ఫిల్ము తీయాలంటే పూర్తి వరుస కావాలి. పూర్తి వరుస ఏ ఒక్కచోటా ఉండదు. ఒక సెమినరీ నుండి మూడు సంపుటాలు, మరొక దాని నుండి పోయిన రెండు సంచికలు, ఎవరో ఒక పాస్టరు గారి ఇంటి నుండి చిరిగిన పుటకు బదులు మంచి పుట తెచ్చి కలపాలి. ఇటువంటి పనిలో ఫిల్ముకు ఎంత విలువ ఉందో, ఫిల్ముకు ముందు జరిగే ఈ వెతుకులాటకూ అంతే విలువ ఉంది. ఎవరి దగ్గర ఏమి లేదో అప్పుడే తెలుస్తుంది.

అయితే ఫిల్ము ఒక చెడు అలవాటు కూడా నేర్పింది. ఫిల్ము తీశాము కనుక కాగితం అక్కరలేదన్నారు. సంపుటాల వెన్ను కోసి, పుటలు విడదీసి ఫిల్ము తీసి, మిగిలిన కాగితాన్ని పారవేసిన గ్రంథాలయాలు ఎన్నో. 1999లో బ్రిటిష్ లైబ్రరీ తన దగ్గర ఉన్న విదేశీ వార్తాపత్రికల సంపుటాలను వదిలించుకుంటున్నదని తెలిసి, నికొల్సన్ బేకర్ అనే అమెరికన్ నవలాకారుడు తన పొదుపు సొమ్ముతో వాటిలో చాలా భాగం కొన్నాడు. 2001లో డబుల్ ఫోల్డ్ అనే గ్రంథంలో గ్రంథపాలకులను ఘాటుగా విమర్శించాడు. ఆ సంపుటాలు 2004లో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చేరాయి. ఆయన విమర్శలో కొంత అన్యాయం ఉంది. గ్రంథపాలకులు దురుద్దేశంతో ఆ పని చేయలేదు, ఉన్న డబ్బుతో ఉన్న చోటులో చేయగలిగినది చేశారు. కాని ఆయన చూపిన ఒక సంగతిని ఎవరూ కాదనలేకపోయారు. రంగుల బొమ్మలతో అచ్చయిన పత్రికలు నలుపు తెలుపు ఫిల్ములో మసకబారాయి, కొన్ని పుటలు అసలు ఎక్కలేదు, సరిచూసుకుందామంటే మూలం లేదు. పైగా ఫిల్ము కూడా శాశ్వతం కాదు. ఎసిటేటు ఫిల్ము వేడికి, తేమకు కుళ్ళి వినెగర్ వాసన కొడుతుంది. దానిని ముడుచుకోకుండా ఆపడం కష్టం.

నేడు స్కాను విషయంలో వినబడుతున్నవి అవే మాటలు. స్కాన్ చేశాము కదా, ఇక ఈ కట్టలు ఎందుకు అని అడిగే కమిటీ సభ్యులు యాభై ఏళ్ళ కిందటి చర్చను తెలియకుండానే మళ్ళీ చేస్తున్నారు.

పంచుకుని దాచడం

మా దృష్టిలో ఈ చరిత్రలోని మంచి భాగం యంత్రాలది కాదు, ఒప్పందాలది. 1949లో అమెరికా మధ్య పడమటి ప్రాంతపు పది విశ్వవిద్యాలయాలు కలిసి చికాగోలో ఒక ఉమ్మడి గ్రంథాలయం పెట్టుకున్నాయి. తరచుగా అడగని పత్రికలను, వార్తాపత్రికలను ప్రతివారూ దాచుకోకుండా ఒక్కచోట దాచి, కావలసినప్పుడు తెప్పించుకోవడం దాని పద్ధతి. అదే తరువాత సెంటర్ ఫర్ రిసెర్చ్ లైబ్రరీస్ అయింది.

1990ల మొదట్లో విలియం బోవెన్ ఒహాయోలోని డెనిసన్ విశ్వవిద్యాలయ ధర్మకర్తలలో ఒకరు. పాత పత్రికల సంపుటాలు నిండిపోయి కొత్త కట్టడం కావాలన్న సమస్య ఆయన ముందుకు వచ్చింది. కట్టడానికి అయ్యే ఖర్చుతో ఆ పత్రికలను కంప్యూటరులోకి ఎక్కిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన నుండి 1995లో జెస్టోర్ స్వతంత్ర సంస్థగా అవతరించింది. మన విద్యార్థులు నేడు వాడుతున్నది ఇదే. చాలామందికి తెలియని సంగతి ఏమంటే, జెస్టోర్ కాగితాన్ని వదలలేదు. స్కాన్ చేసిన పత్రికల కాగితపు వరుసలను, పుట పుటా సరిచూసి, హార్వర్డ్‌లోను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోను వేరువేరుగా భద్రపరచే ఏర్పాటు చేసింది. బ్రిటన్‌లో 2007లో మొదలైన ఉమ్మడి పథకం ఇంకా స్పష్టమైన నియమం పెట్టుకున్నది. ఏ పత్రికకైనా దేశంలో కనీసం మూడు కాగితపు ప్రతులు, ఒకటి బ్రిటిష్ లైబ్రరీలో, రెండు విశ్వవిద్యాలయాలలో, ఉన్నాయని తేలిన తరువాతనే మిగిలిన గ్రంథాలయాలు తమ ప్రతిని తీసివేయవచ్చు. తీసివేయడాన్ని వారు నిషేధించలేదు. తీసివేసే ముందు అడగాలన్నారు.

మన పక్షము

తెలుగులో తొలి పత్రికగా ఎక్కువమంది చరిత్రకారులు చెప్పేది 1835లో బళ్ళారి నుండి క్రైస్తవ ప్రచారం కోసం వెలువడిన సత్యదూత. అంటే తెలుగు పత్రికల చరిత్రే సంఘపు అచ్చు పనితో మొదలయింది. ఆ వారసత్వాన్ని మనము ఏ విధంగా దాచుకున్నాము?

చట్టం మీద పూర్తిగా ఆధారపడలేదు. 1867 నాటి ముద్రణ, నమోదు చట్టం 2024లో కొత్త చట్టం అమలులోకి వచ్చేదాకా ఉన్నది. 1954 చట్టం ప్రకారం ప్రతి పుస్తకమూ, 1956 సవరణ తరువాత పత్రికలు కూడా, కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మద్రాసు కన్నెమరాకు, ముంబయి, ఢిల్లీ నగరాలలోని గ్రంథాలయాలకు పంపాలి. పెద్ద పత్రికలు పంపాయి. అయిదు వందల ప్రతులు వేసుకునే సంఘ పత్రికల సంపాదకులలో చాలామందికి ఆ చట్టం సంగతే పట్టలేదు.

ఇందులో విచిత్రం ఒకటి ఉంది. అమెరికా మిగులు గోధుమలను మన ప్రభుత్వానికి రూపాయలకు అమ్మింది. ఆ గోధుమలు తిన్నవారు మన సంఘాలలో ఇంకా ఉన్నారు. ఆ రూపాయలలో కొంత భాగంతో, 1962 నుండి, అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి ఢిల్లీ కార్యాలయం భారతీయ భాషల పుస్తకాలు, పత్రికలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. 1967లో చికాగోలోని ఉమ్మడి గ్రంథాలయం ఆధ్వర్యంలో దక్షిణాసియా పత్రికలను ఫిల్ము తీసే పథకం కూడా మొదలయింది. కనుక గుంటూరులో అచ్చయిన పత్రిక గుంటూరులో దొరకకపోయినా అట్లాంటిక్ అవతల దొరికే అవకాశం ఉంది. ఇది సంతోషించవలసిన సంగతే కాని, 1962కు ముందువాటికి ఈ గోధుమల డబ్బు ఉపయోగపడలేదు.

ఆ ముందు కాలమే మనకు ముఖ్యం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. దాని గురించి రాయదలచిన వ్యక్తికి బోస్టన్‌లో 1836 నుండి 1909 వరకు వెలువడిన బాప్టిస్ట్ మిషనరీ మ్యాగజైన్ సంపుటాలు ఇంట్లో కూర్చుని చదువుకునే వీలుంది. వాటిని అక్కడి గ్రంథాలయాలు బైండు చేసి దాచాయి, ఆ తరువాత స్కాన్ చేశాయి. యెర్రగుంట్ల పేరయ్య గారి గురించి మనకు తెలిసినది చాలావరకు మిషనరీలు రాసినదే. 1899లో వచ్చిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గ్రంథం అందులో పెద్దది. దొరకు ఉపదేశకుని గురించి ఏమి తోచిందో మనకు తెలుసు. ఉపదేశకునికి దొర గురించి ఏమి తోచిందో తెలియాలంటే తెలుగులో అచ్చయిన ఉత్తరాలు, సాక్ష్యాలు, సంఘ వార్తలు కావాలి. మిషను చరిత్ర ఏకపక్షంగా ఉన్నదని మన సెమినార్లలో తరచుగా విమర్శిస్తున్నాము. ఆ విమర్శ సరైనదే. కాని ఒక పక్షం తన పత్రికలను దాచుకున్నది, రెండవ పక్షం తూకానికి వేసింది. చరిత్ర ఒకవైపుకు ఒరగడానికి సామ్రాజ్యవాదం ఎంత కారణమో చెదలు కూడా అంత కారణమని మా అభిప్రాయం.

బైండింగులో పోయేది

దాచినవారు కూడా కొంత పోగొట్టారు. గ్రంథాలయాలలో పన్నెండు సంచికలు కలిపి బైండు చేయించేటప్పుడు ముందు అట్టలు, వెనుక అట్టలు, ప్రకటనల పుటలు తీసివేయడం పాత ఆచారం. వ్యాసాలే ముఖ్యమని, అట్టలు దండగని అనుకునేవారు. పుస్తకం చదునుగా రావాలని బైండరు కటింగు మిషను మీద మూడు అంచులూ కోసేవాడు. పుట నంబర్లు, కొన్నిసార్లు చివరి అక్షరాలు, ఆ కోతలో పోయాయి.

సంఘ పత్రికకు వెనుక అట్టే ప్రాణం. చందాదారుల పేర్లు, ఏ గ్రామం నుండి ఎన్ని అణాలు వచ్చాయన్న లెక్క, నిద్రించినవారి వార్తలు, బైబిలు స్త్రీల బదిలీలు, కన్వెన్షను పందిరికి తాటాకులు ఇచ్చినవారికి కృతజ్ఞతలు అక్కడ ఉంటాయి. ముందు పుటలలోని ప్రసంగం మరొకచోట దొరకవచ్చు. ఒక పల్లె నుండి పావలా పంపిన విధవరాలి పేరు మరెక్కడా దొరకదు.

అందుచేత కాపాడే పద్ధతి కూడా సాదాగా ఉంటే మంచిది. బైండు చేయించక తప్పకపోతే అట్టలతో సహా, అంచులు కోయకుండా చేయించాలి. మన బైండర్లు పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. పురుగు మాట ఎలా ఉన్నా కాగితానికి అది మంచిది కాదు. చిరిగిన పుటకు సెల్లోటేపు అంటించకూడదు, పదేళ్ళలో ఆ జిగురు గోధుమరంగు మరకగా మారి కాగితంలోకి దిగుతుంది. లామినేషను ఇంకా హానికరం. ఎండలో ఆరవేయకూడదు. కలరా ఉండలు వేసి బీరువా తలుపు మూసివేయడం కంటే నెలకొకసారి తలుపు తెరిచి, కట్టలు కదిపి, గాలి ఆడనివ్వడం మేలు. పొడి గుడ్డతో దుమ్ము దులిపి, ఆమ్లం లేని కాగితంలో, అది దొరకకపోతే ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి పడుకోబెట్టాలి.

నేల మీద మాత్రం పెట్టకూడదు. 2000 ఆగస్టు 24న హైదరాబాదులో కురిసిన కుంభవృష్టికి బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీరు చేరి, అబ్దుస్ సమద్ ఖాన్ గారు జీవితకాలం సేకరించిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు తడిసిపోయాయి. అటువంటి నిధి ఒక్క రాత్రి వానకు ఆ స్థితికి రావడం చూసిన తరువాత కూడా, మన సంస్థలలో పాత పత్రికలకు కేటాయించే గది కింది అంతస్తులో స్నానాల గదుల పక్కనే ఉంటున్నది.

చేయగలిగినవారు మన పక్కనే ఉన్నారు. కొట్టయ్యూరుకు చెందిన రోజా ముత్తయ్య చెట్టియార్ తమిళ పత్రికలను, పెళ్ళి శుభలేఖలతో సహా, ఒంటిచేత్తో సేకరించారు. ఆయన మరణానంతరం 1994లో చికాగో విశ్వవిద్యాలయం ఆ సేకరణను కొన్నది. అయినా కాగితం చెన్నైలోనే ఉన్నది, ఫిల్ము మాత్రం అక్కడికి వెళ్ళింది. వేటపాలెంలో 1918లో ఏర్పడిన సారస్వత నికేతనం ఒక చిన్న ఊరి గ్రంథాలయం. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు అక్కడికి వెళ్తున్నారు. ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను ఎన్నింటినో స్కాన్ చేయించింది. ఇవన్నీ చేసినవారు సంఘం వెలుపలివారే.

మన వేదాంత కళాశాలలు ముందుగా చేయవలసినది స్కానరు కొనడం కాదు, ఒక ఉమ్మడి పట్టిక రాయడం. పత్రిక పేరు, ఏ ఊరి నుండి వచ్చింది, ఏ సంవత్సరాల సంచికలు ఎవరి దగ్గర ఉన్నాయి, ఏవి లేవు. లేనివాటిని రాయడమే ఎక్కువ ముఖ్యం. ఆ తరువాత ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క కళాశాల బాధ్యత వహించి, మిగిలినవారు తమ విడి సంచికలను వారికి పంపాలి. రెండవ వరుసను వంద మైళ్ళ దూరంలోనైనా మరొకరు ఉంచాలి. ఏ కళాశాలా ఆ పట్టిక చూడకుండా కట్ట తీసివేయకూడదు.

ఆ పట్టికకు కావలసిన సంచికలు చాలావరకు కళాశాలలలో లేవు, పాస్టర్ల ఇళ్ళలో ఉన్నాయి. పాస్టరు గారికి బదిలీ అయి సామాను లారీకి ఎక్కే రోజున, ముందు పాస్టరు గారి కాలం నుండి అటక మీద ఉన్న కట్టను కొత్త ఊరికి ఎందుకని వదిలివేస్తారు. తరువాత వచ్చేవారు ఇల్లు శుభ్రం చేయించేటప్పుడు అది పోతుంది. ఆ రెండు రోజుల మధ్య దగ్గరలోని కళాశాల గ్రంథపాలకునికి ఒక ఫోను చేస్తే చాలు. వచ్చి తీసుకువెళ్ళే ఖర్చు కళాశాల భరించాలి.